వంటపాక క్యాసెట్టు

లావణ్యకి నర్సీపట్నంలో సగం మంది తెలుసు. ఆ సగం మందిలో లావణ్య ఎవరో తెలిసినవాళ్ళు లేరు.

పెళ్ళి వీడియోల మిక్సింగ్ పని అలాంటిది మరి. కెమెరా పట్టుకున్నవాడు పెళ్ళికి వెళ్తాడు, పెద్దా చిన్నా చూడకుండా అందర్నీ పక్కకి జరగమంటాడు, మొదటి పంక్తిలోనే కూర్చుని భోజనం చేస్తాడు. మిక్సింగ్ చేసే మనిషి మాత్రం అబీద్ సెంటర్లో స్టూడియో వెనకగదిలో తలుపేసుకుని, ఉన్న ఒక్క ఫ్యానూ కంప్యూటర్ వైపు తిప్పేసి, తను చెమటలు కక్కుకుంటూ ఊరందరి పెళ్ళిళ్ళూ చూస్తుంది. తాంబూలం తీసుకున్నాక మళ్ళీ వరసలో నిలబడ్డది ఎవరో, ఏడుస్తున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుని ఆవలించింది ఎవరో ఆమెకే తెలుస్తుంది. పొద్దున్న రోలుగుంట బస్సులో ఎదురు సీట్లో తెలిసిన మొహం కనబడితే పలకరించబోయి నాలిక్కరుచుకోవడం ఆమెకి అలవాటైపోయింది. పలకరించి ఏం చెప్పాలి? మీ బావమరిది పెళ్ళిలో మీరు ఐస్‌క్రీము కప్పు రుమాల్లో చుట్టి దాచారు కదండీ అనా?

రెండువేల ఆరు, మే నెల. పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్నాయి. ఆ వారం ఆమె చూస్తున్నది జెన్నీ పెళ్ళి. జెన్నీ, నర్సు రత్నమణి గారమ్మాయి. తండ్రి క్రీస్తుదాసు గారు ఆర్టీసీలో పని. పెళ్ళికొడుకు సత్యప్రకాష్‌ది పాయకరావుపేట. పెళ్ళి మిషన్ చర్చిలో జరిగింది, భోజనాలు చర్చి ఆవరణలో.

స్టూడియో ఓనరు అప్పలరాజు పెద్ద కెమెరాతో చర్చి లోపల నిలబడ్డాడు. రెండో కెమెరా సింగన్న చేతిలో ఉంది. వచ్చే చుట్టాలని గేటు దగ్గర తియ్యమని అతన్ని పెట్టారు. అతను కాసేపు చుట్టాలని తీశాడు. తర్వాత పలావు వాసన వచ్చినట్టుంది, కెమెరా ఆపకుండానే చర్చి వెనక్కి నడిచాడు. క్యాసెట్టులో కొంత దూరం నేల, చెప్పులు, ఒక కోడి కనిపిస్తాయి. ఆ తర్వాత వంటపాక.

ఆ వంటపాక దగ్గరికొచ్చేసరికి లావణ్య పని ఆపేసి చూస్తుంది. ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలీదు.

పాకలో ఒక పొడుగాటి ఆవిడ, తలకి తువ్వాలు చుట్టి, చీర ఎగదోపి, మనిషంత తెడ్డుతో పలావు గంగాళం దగ్గర నిలబడి ఉంది. వెనక గుంజకి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో వంకాయరంగు పట్టుచీర మడత విప్పకుండా ఉంది. వంట పూర్తవగానే కట్టుకుని లోపలికి వెళ్దామని తెచ్చుకున్నట్టుంది. ఇంతలో మైకులో పాస్టరు గారి గొంతు, ఆ వెంటనే జెన్నీ గొంతు వినిపించాయి. ప్రమాణాలు మొదలయ్యాయి. ఆవిడ తెడ్డు ఆపేసింది. గిన్నెలు తోముతున్న వాళ్ళని చేత్తోనే ఊరుకోమంది. తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, జెన్నీ ప్రమాణం మాట మాట విన్నది. అయిపోయాక తలకున్న తువ్వాలే విప్పి కళ్ళు తుడుచుకుంది. "అయిపోయిందర్రా. ఇంక మూతలు తియ్యండి" అంది. ఆ తర్వాత ఏం పూనిందో, తెడ్డు భుజాన వేసుకుని పాట ఎత్తుకుంది. పాట పాయకరావుపేట వియ్యాలవారి మీద. పాటతోపాటు నాట్యం కూడా.

లోపల అప్పలరాజు తీసిన క్యాసెట్టులో ఇంకోటి ఉంది. ప్రమాణాలు చెప్పేముందు జెన్నీ మేలిముసుగు లోంచి అటూ ఇటూ వెతుకుతుంది. మొదటి వరస చూస్తుంది, వెనక గుమ్మం వైపు చూస్తుంది, ఎవరో కనబడనట్టు మొహం కొంచెం చిన్నబుచ్చుకుంటుంది. ఈ ముక్కా, ఆ ముక్కా రెండూ చూసిన మనిషి ప్రపంచంలో లావణ్య ఒక్కతే. రెంటినీ పక్కపక్కన అతికించింది. జెన్నీ వెతుకుతుంది, వెంటనే పాకలో ఆవిడ చెవి ఒగ్గుతుంది. చూసుకుని తనే మురిసిపోయింది. ఇన్నాళ్ళ మిక్సింగులో ఇంత మంచి పని చెయ్యలేదనుకుంది.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి రత్నమణి గారు వచ్చారు. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, తెల్లచీర మడత నలక్కుండా స్టూలు అంచున కూర్చుని చూశారు. హృదయాకారంలో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు తిరిగినంతసేపూ తలూపారు. పావురాలు ఎగిరితే సంతోషించారు. పాక వచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయింది.

"ఇదేటమ్మా? మా వదిన గెంతులు కూడా పెట్టేసేవా?"

"బాగున్నారు కదండీ. పెళ్ళికూతురు ఈవిడ కోసమే వెతుకుతున్నారండి, చూడండి..."

"నీకు బాగుంటాది తల్లీ. సువార్తమ్మ గారు సూస్తే ఏమనుకుంటారు?" సువార్తమ్మ గారంటే పెళ్ళికొడుకు తల్లి. "నిశ్చితార్థం నాడు వచ్చినకాణ్ణించి వెళ్ళేదాకా ఆవిడ పెదవి కదపనేదు. అంత మర్యాదైన మనుషులు. ఆదివారం ఆరాధనయ్యాక అందరూ మా ఇంటికి వీడియో సూడ్డానికొస్తారు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, వాళ్ళ మీద పాట పాడి గెంతేసింది చూపించమంటావా? తీసెయ్యి. గిన్నెలు, కట్టెలు, పాక, మొత్తం తీసెయ్యి. కావాలంటే ఇంకో రెండు పావురాలు పెట్టు."

డబ్బిచ్చేవాళ్ళు తియ్యమన్నది తియ్యడమే లావణ్య పని. రత్నమణి గారి ముందే మౌసు నొక్కింది. పాక మొత్తం పోయింది. పాక పోయాక జెన్నీ వెతికే చూపుకి అర్థం లేదు కాబట్టి దాన్నీ తీసేసింది. ఆఖరికి ఆ పావురాల మీద కూడా ఆమెకి కోపం వచ్చింది.

వెళ్తూ వెళ్తూ ముందుగదిలో రత్నమణి గారు వీడియో ఎక్కించే ఖాళీ డీవీడీ డిస్కులు చూశారు. అప్పలరాజు రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద మైనస్ గుర్తు, పక్కన ఆర్. ఇంకోదాని మీద ప్లస్, పక్కన ఆర్.

"తేడా ఏటండీ?"

"ఏటీ లేదు సిస్టర్ గారూ. కంపెనీలోళ్ళ గొడవ. మన కంప్యూటర్లో రెండూ ఆడతాయి."

రత్నమణి గారు ప్లస్ పెట్టెని దగ్గరగా తీసుకుని చూశారు. "దీని మీద సిలువ గుర్తున్నాది. పెళ్ళిదానికి మైనస్సేటండి, ఇందులోనే కొట్టండి" అన్నారు. ఆ ప్లస్ పెట్టె బీరువాలో చాలాకాలంగా పడుంది. కదిలిపోతున్నందుకు అప్పలరాజుకీ సంతోషమే. సరేనన్నాడు. లావణ్య కూడా ప్లస్ అంటే ఇంకాస్త మెరుగైనదేమో అనుకుంది.

శనివారం మధ్యాహ్నం అప్పలరాజు లేడు. డిస్కులు తయారయ్యాయి. ప్రతి డిస్కు మీదా జెన్నీ సత్యప్రకాష్‌ల ఫోటో అంటించి, కవర్లలో పెట్టి లావణ్య ఎదురుచూస్తోంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు దగ్గర వంగి, లోపలికి తలపెట్టి ఒకావిడ అడిగింది.

"అమ్మీ, జెన్నీ పెళ్ళి డిస్కులు ఇక్కడేనా?"

లావణ్య లేచి నిలబడిపోయింది. తలకి తువ్వాలు లేదు, చేతిలో తెడ్డు లేదు. అయినా ఆ గొంతు తెలుసు. ఆ ఎడం కాలు కాస్త బరువుగా వెయ్యడం కూడా తెలుసు. పాటలో ఆ కాలితోనే తాళం వేసింది. తెలిసినవాళ్ళు ఇంటికొచ్చినట్టు "రండి రండి" అని తన కుర్చీ ఇచ్చేసింది. ఆవిడ ఇదేం మర్యాదో అర్థంకానట్టు చూసి కూర్చుంది.

"నా పేరు ఎస్తర్ రాణి. జెన్నీకి మేనత్తని. మా తమ్ముడికి డ్యూటీ ఉన్నాది, నన్నెల్లి తెమ్మన్నాడు."

"తెలుసండి" అనబోయి లావణ్య మింగేసింది.

ఎస్తర్ రాణి కవరు విప్పలేదు. డిస్కు మీద ఫోటోని కొంగుతో ఒకసారి తుడిచి చూసుకుంది. "పెళ్ళి నాను సూడనేదమ్మీ. పలావు దమ్ము మీదుండగా వదిలేసి ఎల్తే అడుగంటిపోదేటి? వంటోళ్ళున్నారు గానీ ఆళ్ళ సెయ్యి నాకు నమ్మకం నేదు. మైకులో విన్నాను. ఎలాగున్నాదో ముసుగులో నా గుంట జెన్నీ, సూడనేదు. రేపు సూస్తాను."

"చాలా బాగున్నారండి" అంది లావణ్య.

"ఆరోజు కెమెరా అబ్బాయి మా పాకలోకి కూడా వచ్చేడు. ముక్కలున్న కాడ గిన్నెడు పెట్టించుకుని తిన్నాడు." ఎస్తర్ రాణి కొంచెం ఆగింది. గోడ మీద ఎవరిదో పెళ్ళి ఫోటో చూస్తూ, పెద్ద విషయం కానట్టు అడిగింది. "నానున్నానా అమ్మీ ఇందులో?"

లేరని చెప్పడం ఎంతసేపు. కానీ ఆవిడ మొహం చూస్తూ ఆ మాట లావణ్య నోట్లోంచి రాలేదు. "ఉన్నారండి" అంది. అని, ఉన్న కవర్లనే మళ్ళీ సర్దింది.

"ఉన్నానా. సరే అయితే." ఎస్తర్ రాణి డిస్కులు చేతిసంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత లావణ్యకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పిలిచి డిస్కులు వెనక్కి తీసుకుని పాక మళ్ళీ పెడితే? కంప్యూటరు మళ్ళీ మొత్తం తయారుచెయ్యాలంటే తెల్లారిపోతుంది. రత్నమణి గారేమంటారు, అప్పలరాజు ఏమంటాడు? సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ కూడా అదే ఆలోచన. రేపు అందరి మధ్యా కూర్చుని ఆవిడ ఇప్పుడొస్తాను, ఇప్పుడొస్తానని చివరిదాకా చూస్తుంది. రాదు. ఈ పాపం ఎవరిది?

ఆదివారమైనా పెళ్ళిళ్ళ నెల కాబట్టి స్టూడియో తెరిచే ఉంది. అప్పలరాజు, సింగన్న పెద్ద కెమెరా పట్టుకుని ఇంకో పెళ్ళికి వెళ్ళారు. మధ్యాహ్నం మెట్ల కింద మోపెడ్ ఆగింది. క్రీస్తుదాసు గారు ఆయాసపడుతూ పైకొచ్చారు. కాలరు చుట్టూ చెమట.

"అమ్మా, ఒకసారి మా ఇంటికి రావాలి. డిస్కు ఆడ్డంలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లావణ్య తన అబద్ధం అప్పుడే బయటపడిందేమో అనుకుంది.

"ఏమైందండి?"

"నో డిస్క్ అంటున్నాదమ్మా. పెట్టింది నేనే. నా చేత్తో పెట్టి మూసేను. అయినా లేదంటాదేటమ్మా?"

వాళ్ళింట్లో హాలు కిటకిటలాడుతోంది. సోఫాలో మధ్యన సువార్తమ్మ గారు, గోధుమరంగు చీరలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పక్కన కొత్తజంట. కింద చాప మీద చర్చివాళ్ళు, చుట్టాలు. టీవీ దగ్గర డీవీడీ ప్లేయరు నోరు తెరుస్తోంది, మూస్తోంది, లోపల కిర్రుమని కాసేపు తిప్పుకుంటోంది, తర్వాత అదే మాట. నో డిస్క్.

ఎస్తర్ రాణి తెచ్చిన డిస్కులన్నీ రత్నమణి గారు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశారట. ఒకరు కళ్ళజోడు గుడ్డతో తుడవమన్నారు. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టి తియ్యమన్నారు. పక్కింటి తాతబ్బాయి గారు, మూటలు మోసే కళాసీ పని చేసి మానేసిన మనిషి, తన ప్లేయర్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి తగిలించారు. అది కాస్త దయ తలిచింది. పాస్టరు గారు లేచి నోరు తెరిచేదాకా చూపించి, ఆయన్ని గళ్ళు గళ్ళుగా చేసి నిలిపేసింది. తాతబ్బాయి గారు దాని నెత్తిన ఒక్కటిచ్చారు. పాస్టరు గారు కూడా పోయారు.

లావణ్య డిస్కు బయటికి తీసి వెనక్కి తిప్పి చూసింది. గీత లేదు, మరక లేదు. అప్పుడు ముందువైపు, ఫోటో అంచు పక్కన ప్లస్ గుర్తు కనబడింది. కొన్ని ఇళ్ళ ప్లేయర్లు ప్లస్‌ని చదవవని డిస్కులమ్మే కుర్రాడు ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళు వాడింది మైనస్సే కాబట్టి ఆ మాట అవసరం పడలేదు.

"ప్లస్ వల్లేనేమోనండి. ఈ ప్లేయర్లు మైనస్ అయితేనే తీసుకుంటాయనుకుంటాను. రేపు మైనస్‌లో కొట్టి తెస్తాను" అంది నెమ్మదిగా.

రత్నమణి గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ పెట్టె ఏరుకున్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. లావణ్య ఆ సంగతి ఎత్తలేదు. "రేపెక్కడమ్మా. సాయంత్రం బస్సుకి వీళ్ళు ఎల్లిపోతారు. పిల్లలిద్దరూ అట్నించటే కొత్తకాపరానికి రాజమండ్రి పోతారు" అన్నారావిడ గొంతు తగ్గించి. సువార్తమ్మ గారు గోడగడియారం వైపు చూశారు. ఆ ఒక్క చూపుకే రత్నమణి గారు ప్లేయరు నోరు మళ్ళీ తెరిచి మూశారు.

వంటింటి గుమ్మంలో ఎస్తర్ రాణి నిలబడి ఉంది. వంకాయరంగు పట్టుచీర కట్టుకుంది. మడతల గీతలు ఇంకా పోలేదు. పెళ్ళినాడు సంచిలోనే ఉండిపోయిన చీరని వీడియో చూడ్డానికి కట్టుకుందన్నమాట.

"ఒక పని చెయ్యొచ్చండి" అంది లావణ్య. "చిన్న కెమెరా స్టూడియోలో ఉంది. తీసిన క్యాసెట్లు కూడా ఉన్నాయి. కెమెరాకే వైర్లు పెట్టి టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. కానీ మిక్సింగ్ ఉండదండి. పాటలు, పావురాలు ఏవీ ఉండవు. తీసింది తీసినట్టే ఉంటుంది."

"ఎలాగోలా పెళ్ళి కనబడితే చాలమ్మా, బేగి తే" అన్నారు క్రీస్తుదాసు గారు, అప్పుడే మోపెడ్ తాళం తీస్తూ.

స్టూడియో అల్మైరాలో జెన్నీ పెళ్ళి క్యాసెట్లు వరసగా ఉన్నాయి. లావణ్య చర్చి లోపలివి తీసుకుంది. వంటపాక క్యాసెట్టు మీద చెయ్యి ఆగింది. వద్దన్నారు కదా అనుకుంది. వద్దన్నది డీవీడీలో కదా అని కూడా అనుకుంది. తీసి సంచిలో వేసుకుంది.

పసుపు వైరు, ఎరుపు వైరు, తెలుపు వైరు టీవీ వెనక దూర్చి, కెమెరాని స్టూలు మీద పెట్టి నొక్కేసరికి చర్చి లోపలి బొమ్మ కడిగినట్టు వచ్చింది. హాల్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. మిక్సింగులో పాట వేసి మూసేసిన మాటలన్నీ ఇప్పుడు వినిపిస్తున్నాయి. ఎవరి పిల్లో ఒంటేలంటోంది. క్రీస్తుదాసు గారు కూతుర్ని తీసుకొస్తూ, తప్పటడుగు వేసి "అడుగు సరిగ్గా పడ్డంలేదే" అని గొణిగారు. అది విని చాప మీది వాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా సిగ్గుపడుతూ నవ్వారు. డీవీడీలో ఆ చోట వయొలిన్ ఉండేది.

పాస్టరు గారు లేచారు. ఈసారి ఆయన గళ్ళు గళ్ళుగా అయిపోలేదు. తెర మీద జెన్నీ ముసుగు లోంచి వెతకడం మొదలుపెట్టింది.

లావణ్య వంటింటి వైపు చూసింది. ఎస్తర్ రాణి పొయ్యి దగ్గర ఉంది. అంతమందికీ టీ పెడుతోంది. పాలు పొంగుకొస్తున్నాయి, ఒక చేత్తో గరిటె తిప్పుతోంది. తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, హాల్లోంచి వచ్చే మాటలు వింటోంది.

లావణ్య చటుక్కున కెమెరా ఆపేసింది. తెర నల్లబడింది.

"మళ్ళీ ఏటయ్యిందమ్మా?" అన్నారు రత్నమణి గారు కంగారుగా.

"ఏమీ అవలేదండి. వంటింట్లో ఉన్న పిన్నిగారు ఆరోజు కూడా ఇది చూడలేదు. వచ్చి కూర్చుంటే తిప్పుతాను." ఇంతమందిలో తను ఇంత గట్టిగా మాట్లాడిందా అని లావణ్యకే ఆశ్చర్యం వేసింది. కానీ బటన్ నొక్కలేదు.

జెన్నీ లేచింది. వంటింట్లోకి వెళ్ళి అత్త చెయ్యి పట్టుకుంది. "పాలు పొంగిపోతాయే" అంటోంది ఎస్తర్ రాణి. "పొంగనీ అత్తా" అంటోంది జెన్నీ. రత్నమణి గారు అందరి మొహాలూ చూశారు, సువార్తమ్మ గారి మొహం కూడా చూశారు, గబగబా వెళ్ళి గరిటె తను అందుకున్నారు. "ఎల్లు వదినా. నాను సూసుకుంటాను."

జెన్నీ అత్తని తీసుకొచ్చి, సువార్తమ్మ గారి పక్కన తన చోట్లో కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది.

ఎస్తర్ రాణి పెళ్ళి చూసింది. ముసుగులో జెన్నీని చూసి "ఎలాగున్నాదో సూడండి" అని ఎవరికో చెప్పింది. సూత్రం కట్టేటప్పుడు తనే కట్టిస్తున్నట్టు ముందుకి వంగింది. అదయ్యాక లావణ్య వెనక్కి తిప్పి జెన్నీ వెతుకులాట ఇంకోసారి చూపిస్తే అడిగింది.

"ఎవరి కోసమే అలాగ సూస్తున్నావు?"

"నీకోసమే. ఎక్కడున్నావో అని" అంది జెన్నీ వెనక్కి తిరక్కుండానే.

ఎస్తర్ రాణి జెన్నీ జడ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడున్నారో లావణ్యకి తెలుసు. తన సంచిలోని క్యాసెట్టులో ఉన్నారు. ఆమె ఇంకెవర్నీ అడగలేదు. చర్చి క్యాసెట్టు తీసి, వంటపాక క్యాసెట్టు పెట్టింది.

నేల వచ్చింది, చెప్పులు వచ్చాయి, కోడి వచ్చింది. "ఇదెవరి పెళ్ళమ్మా?" అన్నారు తాతబ్బాయి గారు. అందరూ నవ్వుతుండగానే పాక వచ్చింది. తువ్వాలు, తెడ్డు, గుంజకి పట్టుచీర. మైకులో జెన్నీ గొంతు. తెడ్డు ఆగడం, చెవి ఒగ్గడం. హాల్లో నవ్వు ఆగిపోయింది. జెన్నీ అత్త మోకాలి మీద తల పెట్టేసి ఏడ్చేసింది. "ఊరుకో, ఊరుకో, ఇప్పుడు నా డాన్సొస్తాది" అంది ఎస్తర్ రాణి. అప్పుడే వచ్చింది కూడా.

*పాయకరావుపేట పెద్దలొచ్చారంట,*
*పలావు సాలనేదంట!*
*గరిటె మాచేత ఉన్నాది వదినా,*
*ఆకలి మీ చేత ఉన్నాదా?*

వంటింట్లోంచి ఆ పాట విని రత్నమణి గారు టీ వడగట్టే జల్లెడ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడిపోయారు. టీ చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఆవిడ టీవీ చూడలేదు, సువార్తమ్మ గారినే చూస్తున్నారు. చాప మీద కూడా అందరూ అటే చూస్తున్నారు. సువార్తమ్మ గారి పెదవులు బిగుసుకుని ఉన్నాయి. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చూస్తుండగా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొంగు చాల్లేదు. నవ్వు తన్నుకుని బయటికొచ్చేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, చెంగు నడుముకి చుట్టి, సోఫాలో ఎస్తర్ రాణి వైపు పూర్తిగా తిరిగారు.

*నర్సీపట్నమోరి నవ్వులే సూసేము,*
*నంజుడు ముక్క సూడనేదు!*
*గరిటె నువ్వుంచుకో పరవాలేదొదినా,*
*పిల్లని మాతోటి పంపేవు!*

సత్యప్రకాష్ నోరు తెరుచుకుని తల్లి వంక చూస్తున్నాడు. "అమ్మా, నీకు పాటొచ్చా?" అన్నాడు.

"మా ఊళ్ళో పెళ్ళంటే ఇదేరా. మీ నాన్న సంఘపెద్ద అయినకాణ్ణించి నోరు కట్టేసుకున్నాను. నిశ్చితార్థానికొస్తే ఈ రత్నమణి వదిన మంచినీళ్ళు కూడా ట్రేలో పెట్టి తెచ్చింది. ఇంత మర్యాదైనోళ్ళ ముందు నవ్వితే ఏమనుకుంటారో అని బిగబట్టుకుని కూకున్నాను" అన్నారు సువార్తమ్మ గారు.

రత్నమణి గారికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. జల్లెడ ఉన్న చేత్తోనే నుదురు కొట్టుకున్నారు. మొహమంతా టీపొడి. అది చూసి మొదట నవ్వింది ఎస్తర్ రాణి, తర్వాత ఇల్లంతా నవ్వింది. పాట మళ్ళీ తిప్పమన్నారు. లావణ్య వెనక్కి తిప్పింది. ఇంకోసారి తిప్పమన్నారు. మూడోసారికి తెర మీద ఎస్తర్ రాణి, తెర ఇవతల సువార్తమ్మ గారు కలిసి పాడేస్తున్నారు. తాతబ్బాయి గారు తన ప్లేయర్ మీద దరువు వేశారు. అది పనికొచ్చింది ఆ ఒక్కదానికే.

బస్సుకి టైమవుతుండగా రత్నమణి గారు లావణ్యని పక్కకి పిలిచారు. "మైనస్సులోనే కొట్టమ్మా. పాక పెట్టేయి. మొత్తం పెట్టు. ఆ కోడిని కూడా ఉంచేయి, అది లేపోతే తాతబ్బాయి గారు ఊరుకోరు." ఆగి, ఇంకాస్త గొంతు తగ్గించారు. "పావురాలు తీసేసినా పరవాలేదు."

లావణ్య వైర్లు చుట్టుకుంటుంటే ఎస్తర్ రాణి టీ గ్లాసుతో వచ్చి పక్కన కూలబడింది.

"నిన్న నానున్నానా అంటే ఉన్నారన్నావు."

"ఉన్నారు కదండీ" అంది లావణ్య.

"ఇందులో ఉన్నాను. ఆ డిస్కులో లేను. నువ్వు ఉన్నారనేటప్పుడే నాకు తెలిసిపోయింది. కవర్లు అదేపనిగా సర్దుతావేటి? అబద్ధం ఆడ్డం రాని గుంటవి."

లావణ్య తలెత్తలేకపోయింది. "మరి తెలిసి కూడా పట్టుచీర కట్టుకున్నారా?"

"నా గుంట పెళ్ళి సూడ్డానికి కట్టుకున్నాను. నన్ను నాను సూసుకోడానికా?" ఎస్తర్ రాణి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "కానీ సూసుకున్నాను, బాగున్నాను. ఇంతకీ అమ్మీ, ఊరందరివీ నువ్వే చేస్తావు కదా, నువ్వు ఏ క్యాసెట్లో ఉన్నావు?"

లావణ్య ఆలోచించింది. తన అక్క పెళ్ళికి కెమెరా లేదు. మిగతా పెళ్ళిళ్ళన్నిటికీ తను వెనకగదిలో ఉంది. "ఎందులోనూ లేనండి" అంది నవ్వి.

"అలాగెలాగ? ఒలే జెన్నీ, ఇది ఎలా తియ్యాలో ఈ పిల్లనడిగి తెలుసుకో. బేగి రా."

ఎక్కడ నొక్కాలో లావణ్యే చూపించింది. జెన్నీ కెమెరా ఎత్తింది. అందరినీ పక్కకి జరగమంది, అచ్చం అప్పలరాజు లాగే. వంటపాక క్యాసెట్టు చివర మిగిలిన ఖాళీలో ఎస్తర్ రాణి లావణ్య భుజం మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో గరిటె పైకెత్తి నిలబడింది. లావణ్యకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

సోమవారం మిక్సింగులో ఆ ముక్క వచ్చినప్పుడు మౌసు మీద ఆమె వేలు కొంతసేపు ఆగింది. తీసెయ్యమని ఎవరూ అనలేదు. వదిలేసింది. మైనస్ డిస్కులు రత్నమణి గారింట్లో ఆడాయి, తాతబ్బాయి గారింట్లో ఆడాయి, పాయకరావుపేటలో సువార్తమ్మ గారు చుట్టాలందరికీ వేసి చూపించారని కబురొచ్చింది.

ఆ తర్వాత వారం రోలుగుంట బస్సులో లావణ్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఎదురు సీట్లో పక్కన అనాసపళ్ళ బుట్ట పెట్టుకుని ఒకావిడ, ఎప్పుడూ ఏ పెళ్ళిలోనూ చూడని మొహం, ఆమెనే తేరిపార చూస్తోంది. చూసి చూసి అడిగేసింది.

"నువ్వు ఎస్తర్ రాణి పక్కన టీ గ్లాసు పట్టుకుని నవ్విన పిల్లవి కాదేటి?"

లావణ్య అవునంది. ఆవిడ బుట్ట పక్కకి జరిపి చోటిచ్చింది. నర్సీపట్నం వచ్చేదాకా ఇద్దరూ జెన్నీ పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు.